డీటీ-1 బ్లాకు లేత్ ఎక్కే ముందు

విజయవాడ,
ఆటోనగర్.

ప్రియమైన బావా,

మీ కాలిఫోర్నియా రివర్‌సైడ్ ఎండలు మన రెంటచింతల ఎండలతో పందెం కాస్తున్నాయని చెల్లెమ్మ ఫోన్‌లో చెప్పింది. నీ మెసేజిలో మాత్రం ఎండా లేదు, వానా లేదు, పిల్లల చదువుల ఊసూ లేదు. విప్పిన బ్లాకు ఫోటోలు, కింద ఒకే ఒక్క వాక్యం: “దీన్ని బోరు కొట్టించి 300 సీసీ చేద్దామనుకుంటున్నా, దారి చెప్పు.” ఫోన్‌లో చెబితే సగం విని, మిగతా సగం నీకు నచ్చినట్టు పూరించుకుంటావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఇది చదివినవాడు విననట్టు నటించలేడు.

ముందు మంచి మాట. యాభై దాటాక 1968 నాటి యమహా డీటీ-1 కొన్నావంటే నాకు అసూయగానే ఉంది. 1967 టోక్యో మోటార్ షోలో చూపించి, మరుసటేడు అమ్మకానికి పెట్టిన బండి అది. అప్పటిదాకా మీ కాలిఫోర్నియా కుర్రాళ్లు రోడ్డు బైకులకే సైలెన్సర్ పైకి లేపి, ముళ్ల టైర్లు ఎక్కించి ఎడారిలో తిప్పేవాళ్లు. మట్టి కోసమే పుట్టిన యూరప్ బళ్లున్నా అవి పందేలవాళ్ల సరుకు. వారమంతా పనికి వెళ్లొచ్చి, ఆదివారం కొండెక్కే బండిని అందరికీ అందే ధరలో ఇచ్చింది డీటీ-1. జపాన్‌లో తయారైనా దాని ఊరు మీదే. అలాంటి దాని మీద చెయ్యి వేస్తున్నావు కనుక నాలుగు మాటలు ఎక్కువే చెబుతాను, విసుక్కోకు.

నీ ఇంజిన్ బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 64. లెక్క కడితే 246 సీసీ. స్ట్రోకు ముట్టుకోకుండా 300 చేయాలంటే బోరు 77 దాటాలి. అంటే చుట్టూ గోడలోంచి మూడున్నర మిల్లీమీటర్ల పైచిలుకు ఇనుము పోవాలి. నీ బ్లాకు బయటికి అల్యూమినియం, లోపల పోత ఇనుము స్లీవ్. అన్ని మిల్లీమీటర్లు తీశాక ఆ స్లీవులో ఏం మిగులుతుందో, పోర్టుల మధ్య ఉన్న సన్నటి పట్టీలు ఏమవుతాయో నీ ఫోటోలో నువ్వే చూసుకో. పైగా స్లీవు అడుగు భాగం క్రాంక్‌కేసు నోట్లోకి దిగి కూర్చుంటుంది. స్లీవే మార్చి లావుది వేస్తానంటావేమో, అప్పుడు క్రాంక్‌కేసు నోరు కూడా చెక్కాలి.

కంపెనీ ఇచ్చిన ఓవర్‌సైజులు చూడు: 70.25, 70.50, 70.75, 71.00. చివరిదాకా వెళ్లినా వచ్చేది 253 సీసీ. నాలుగు సైజులూ వాడేసి, స్లీవులో ఉన్న ఆస్తంతా కరిగించి నువ్వు సంపాదించేది ఏడు సీసీ! దీన్నిబట్టే తెలియడంలేదూ, అవి పవర్ పెంచుకోవడానికి ఇచ్చినవి కావని? బోరు అరిగి గుడ్డు ఆకారంలోకి వచ్చినప్పుడు మళ్లీ గుండ్రంగా చేసుకోవడానికి ఇచ్చినవి. అరిగిన బోరును సరిచేయడం ఒక పని, ఇంజిన్‌ను పెద్దది చేయడం వేరే పని. రెండూ ఒకే మెషిన్ మీద జరుగుతాయి కాబట్టి జనం ఒకటే అనుకుంటారు. నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లలో సగం మంది “అన్నా, రీబోర్ కొట్టించాక పికప్ పెరిగింది” అని సంబరపడతారు. పెరిగింది బోరు వల్ల కాదు. అంతకుముందు రింగుల పక్కనుంచి జారిపోతున్న కంప్రెషన్ ఇప్పుడు నిలబడింది, అంతే.

యమహా వాళ్లకే ఇంకా పెద్ద ఇంజిన్ కావాల్సి వచ్చినప్పుడు ఏం చేశారో చూడు. 1970లో ఆర్‌టీ-1 అని 360 తెచ్చారు. అది 80 బోరు, 70 స్ట్రోకు, 351 సీసీ. 246ను చెక్కి చేసింది కాదు. బ్లాకు, క్రాంకు అన్నీ దానికి తగ్గట్టు పోసుకున్నారు. 1975లో డీటీ400 వచ్చినప్పుడు స్ట్రోకు అదే 70 ఉంచి బోరు 85 చేశారు, 397 సీసీ అయింది. కానీ అదీ కొత్త పోతే. మన దగ్గర ఆర్‌ఎక్స్ 100, ఆర్‌ఎక్స్ 135 సంగతీ ఇంతే కదా. ఒకటి 50కి 50, రెండోది 58కి 50. ఇక్కడి కుర్రాళ్లు 100 క్రాంక్‌కేసు నోరు వెడల్పు చేయించి 135 బ్లాకు ఎక్కిస్తారు, పరుగులు పెడుతుంది. ఎందుకు పెట్టదు? అక్కడ ఎవడూ 50ని 58 చేయలేదు. 58కి తగిన పోర్టులు, 58కి తగిన హెడ్ ఉన్న బ్లాకును కంపెనీ చేసిపెడితే తెచ్చి బిగించుకున్నారు.

అసలు విషయం పోర్టుల్లో ఉంది బావా. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌కి వాల్వులు ఉంటాయి, ఎప్పుడు తెరవాలో కామ్‌షాఫ్ట్ చెబుతుంది. మన రెండు స్ట్రోకుల దాంట్లో గోడకున్న కంతలే వాల్వులు, పిస్టనే కామ్‌షాఫ్ట్. ఎగ్జాస్ట్ పోర్టు పై అంచు ఎంత ఎత్తులో ఉంది, ట్రాన్స్‌ఫర్ పోర్టులు దానికి ఎంత కింద తెరుచుకుంటాయి, ఎంత వెడల్పు, ఏ కోణంలో గ్యాసును లోపలికి తోస్తాయి, వీటి మీదే ఇంజిన్ గుణమంతా నడుస్తుంది. నీ డీటీ-1కి రీడ్ వాల్వు కూడా లేదు. యమహా దాన్ని ఈ వరసలో 1972 నుంచి పెట్టింది. నీ దాంట్లో పెట్రోలు ఎప్పుడు లోపలికి రావాలో తేల్చేది పిస్టన్ స్కర్టు అడుగు అంచు. ఈ ముక్క గుర్తుపెట్టుకో, పిస్టన్ కొనేటప్పుడు పనికొస్తుంది.

ఇప్పుడు బోరు 70 నుంచి 77కి తీసుకెళ్లావనుకో. లోపలి చోటు 21 శాతం పెరిగింది. కంతలు మాత్రం దాదాపు అలాగే ఉన్నాయి. కల్యాణ మండపం పెంచి గుమ్మాలు పాతవే ఉంచితే బంతి బంతికీ జనం ఎక్కడ తొక్కుకుంటారో నీకు చెప్పక్కర్లేదు. తక్కువ ఆర్‌పీఎంలో టైము ఉంటుంది కనుక గ్యాసు ఎలాగో మారుతుంది, బండి కింద బాగానే గుంజుతుంది. పైకి వెళ్లేసరికి మారే టైము లేక ఊపిరాడదు. ఇంకో చిక్కు ఉంది. ట్రాన్స్‌ఫర్ దారి బోరులోకి పైకి ఎక్కుతున్నట్టు ఏటవాలుగా వస్తుంది. గోడను చెక్కుతూ వెనక్కి పోతే ఆ కంత పై అంచు కిందికి జారుతుంది. ఎగ్జాస్ట్ దారి బయటికి పోతూ కిందికి వాలే బ్లాకుల్లో అక్కడా అదే కథ. పావు మిల్లీకి ఇది లెక్కలోకి రాదు, ఏడు మిల్లీలకు వస్తుంది. అంటే బోరు పెంచడంతోనే నీకు తెలియకుండా పోర్టు టైమింగ్ తగ్గించేశావు.

సరే, పోర్టులు కూడా వెడల్పు చేస్తాను అంటావు. చెయ్యి, కానీ ఎంతవరకు? ఎగ్జాస్ట్ పోర్టు వెడల్పు బోరులో మూడింట రెండు వంతుల దగ్గరికి వచ్చిందంటే అక్కడితో ఆగాలి. ఆపైన రింగు ఆ కంతలోకి ఉబ్బి, పైకి వచ్చేటప్పుడు అంచుకు తగులుకుంటుంది. రింగు విరిగితే ముక్క బ్లాకునూ పిస్టన్‌నూ కలిపి దున్నేస్తుంది. ఎత్తు పెంచితే పవర్ ఇంకా పై ఆర్‌పీఎంకి పోతుంది, కింద ఉన్న లాగుడు చచ్చిపోతుంది. కొండ దారిలో రాళ్ల మధ్య మెల్లగా ఎక్కేవాడికి అది శాపమే.

హెడ్ సంగతి కూడా చెప్పాలి. కంబశ్చన్ చాంబర్ చుట్టూ ఉన్న అంచు 70కి కోసినది. బోరు పెద్దదైతే హెడ్‌నూ చెక్కాలి, ప్యాకింగ్ కంత పెంచాలి. ప్యాకింగ్ అంచు కాస్త లోపలికి పొడుచుకువచ్చినా అది ఎర్రగా కాలి ప్లగ్ కంటే ముందే నిప్పు పెడుతుంది. చాంబర్ అదే ఉంచి బోరు పెంచితే కంప్రెషన్ పెరుగుతుంది, గాలితో చల్లబడే ఇంజిన్‌కి నాకింగ్ మొదలవుతుంది. పిస్టన్ బరువు పెరిగితే క్రాంకు బాలెన్సు తప్పి హ్యాండిల్ చేతుల్లో జివ్వుమంటుంది. అర్ధ శతాబ్దం దాటిన కనెక్టింగ్ రాడ్డు, బిగ్ ఎండ్ బేరింగు, క్లచ్ ఈ కొత్త బరువుకి ఏమంటాయో వాటినే అడుగు.

ఇది నా చాదస్తం కాదు. పెద్ద కంపెనీలకే ఈ తిప్పలు తప్పలేదు. 1980లో యమహా వైజెడ్465 అని మోటోక్రాస్ బండి తెచ్చింది, 85 బోరు, 82 స్ట్రోకు. 1982లో బోరు ఇంకో రెండు మిల్లీలు పెంచి 487 సీసీ చేసి, వైజెడ్490 అని పేరు పెట్టారు. గాలితో చల్లబడే ఆ ఇంజిన్‌కి నాకింగ్ అంటే ఎంత ప్రసిద్ధో మీ వైపు పాత రైడర్లను అడిగితే చెబుతారు. హెడ్లు కోయించుకున్నవాళ్లు, కార్బొరేటర్‌తో కుస్తీ పట్టినవాళ్లు, మంచి పెట్రోలు కలుపుకున్నవాళ్లు ఎందరో.

ఇంజిన్ పెంచడమే దండగ అనడం లేదు. ఎక్కడ నప్పుతుందో అక్కడ నప్పుతుంది. మోటోక్రాస్‌లో 125 రెండు స్ట్రోకుల బళ్లకు ఎదురుగా 250 నాలుగు స్ట్రోకుల బళ్లు దిగాయి. యమహా వైజెడ్250ఎఫ్ 2001లో వచ్చాక 125 వాళ్ల పని అయిపోయింది. అప్పుడు 54 బోరు, 54.5 స్ట్రోకు ఉన్న వైజెడ్125ను 58 బోరుకి పెంచి 144 సీసీ చేసుకోవడం మామూలైపోయింది. కేటీఎం అయితే తనే 144, తర్వాత 150 అమ్మింది. కానీ అవి నీళ్లతో చల్లబడే ఇంజిన్లు. గోడలకు ఇనుము స్లీవు ఉండదు, నికాసిల్ పూత ఉంటుంది. జర్మనీలో మాలే కంపెనీ 1967లో కనిపెట్టిన నికెల్, సిలికాన్ కార్బైడ్ పూత అది. దాన్ని మామూలు బోరింగ్ టూలు తాకలేదు. బోరు పెంచి కొత్తగా పూత వేయించాలి, పోర్టులు మళ్లీ దిద్దాలి, హెడ్ మార్చాలి. చేసేవాళ్లు ఇంజిన్ మొత్తాన్ని లెక్కలోకి తీసుకుని చేశారు. “ఒక్క బోరు కొట్టించేద్దాం” అనుకున్నవాళ్లు కాదు వాళ్లు.

మరి పవర్ ఎక్కడ ఉందంటావా? నీ డీటీ-1 చరిత్రలోనే ఉంది సమాధానం. ఆ రోజుల్లోనే యమహా ఆ బండికి జీవైటీ అని ఒక కిట్ అమ్మింది. మార్చిన పోర్టులున్న బ్లాకు, వేరే హెడ్, ఒకే రింగు పిస్టన్, పెద్ద కార్బొరేటర్, ఎక్స్‌పాన్షన్ చాంబర్ సైలెన్సర్ అందులో ఉండేవి. మామూలు బండికి జపాన్ లెక్కలో 18.5 హార్స్‌పవర్. కిట్ వేస్తే 30 దాకా వస్తుందని చెప్పుకున్నారు. కంపెనీ మాట కనుక కాస్త కోత పెట్టినా, సీసీ ఒక్కటీ పెరగకుండా అంత పెరగడం మాటలా? నువ్వు 77 బోరుతో 21 శాతం సీసీ కొంటానంటున్నావు. వాళ్లు పోర్టు, సైలెన్సర్, కార్బొరేటర్‌తో అంతకు రెట్టింపు కంటే ఎక్కువే కొన్నారు.

ఈ విద్యకు మూలం తూర్పు జర్మనీలో ఉంది. చోపౌలో ఎంజెడ్ కంపెనీలో వాల్టర్ కాడెన్ అనే ఇంజినీరు ఉండేవాడు. డబ్బు లేదు, మంచి లోహం లేదు, చేతిలో ఉన్నది చిన్న ఇంజిన్లు. సైలెన్సర్‌లో ధ్వని తరంగాలు ఎలా వెనక్కి వస్తాయో, బయటికి పోయిన కొత్త గ్యాసును పోర్టు మూసుకునేలోపు ఎలా తిరిగి లోపలికి నెట్టగలవో ఆయన లెక్క తేల్చాడు. 1961 నాటికి 125 సీసీలో 25 హార్స్‌పవర్ తీశాడు. అంటే లీటరుకు 200. ఆ ఏడాది స్వీడన్ గ్రాండ్ ప్రీ నుంచి ఆయన రైడరు ఎర్నెస్ట్ డెగ్నర్ తిరిగి తూర్పు జర్మనీ వెళ్లకుండా సుజుకీలో చేరిపోయాడు. ఆ విద్య జపాన్‌కి చేరిన దారుల్లో అదొకటి. 1962లో డెగ్నర్ సుజుకీ మీద 50 సీసీ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. కాడెన్‌కి దక్కింది మాత్రం ఏమీ లేదు. లేత్ ముందు నిలబడ్డప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు. అంత విద్య ఉన్నవాడు సీసీల వెంట పడలేదు.

మీ వైపు పాత పుస్తకాల షాపుల్లో గోర్డన్ జెన్నింగ్స్ రాసిన టూ-స్ట్రోక్ ట్యూనర్స్ హ్యాండ్‌బుక్ దొరికితే వదలకు. 1973 నాటి పుస్తకం. నీ బండి వయసు ఇంజిన్ల మీదే రాశాడు. ఆకురాయి పట్టుకునే ముందు అది చదువు.

ఇక నువ్వు చేయాల్సిన పని. నీ ఫోటోలో ఎగ్జాస్ట్ వైపు నిలువు గీతలు కనిపిస్తున్నాయి, ఎప్పుడో ఒకసారి పట్టేసిన ఇంజిన్ అది. గీతలు పోవాలంటే రీబోర్ తప్పదు, అందులో నీతో పేచీ లేదు. ఎంత తీయాలన్నదే ప్రశ్న. పిస్టన్ పైన అచ్చు చూడు. 25 అనో 50 అనో ఉంటే అది ఇప్పటికే ఏ ఓవర్‌సైజులో ఉందో తెలుస్తుంది. ఏమీ లేకపోతే స్టాండర్డే అనుకోకు, కొలిచి తేల్చుకో. బోరు గేజితో పైన, మధ్యలో, కింద, ఒక్కోచోట పిన్ను దిశలో ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి కొలవాలి. పెద్ద కొలతకీ చిన్న కొలతకీ తేడా 0.05 మిల్లీ దాటిందంటే బోరు అయిపోయింది. పోర్టు కంతల మీద కొలవకు, ఇనుము ఉన్నచోటే గేజి ఆనించు.

తర్వాత పిస్టన్ కొను. పిస్టన్ చేతికి రాకుండా బ్లాకు కోయించకూడదు. పెట్టె మీద 70.50 అని అచ్చు వేసినంత మాత్రాన పిస్టన్లన్నీ ఒకటి కావు. ఇక్కడ పిస్టన్ లేకుండా ఉత్త బ్లాకు తెచ్చి “50 ఓవర్ కొట్టెయ్ అన్నా” అనేవాళ్లను వెనక్కి పంపిస్తాను. పోయేవాళ్లు పక్క షాపుకి పోతారు, తర్వాత పట్టేసిన ఇంజిన్‌తో నా దగ్గరికే వస్తారు. పాత పిస్టన్‌నూ కొత్త పిస్టన్‌నూ పక్కపక్కన పెట్టి మూడు చూడు: పిన్ను మధ్య నుంచి తల దాకా ఎత్తు, పిన్ను నుంచి స్కర్టు అడుగు దాకా పొడవు, రింగుల మూతి నిలబెట్టే పిన్నులు ఎక్కడున్నాయి. మొదటిది తేడా వస్తే కంప్రెషన్, పోర్టు టైమింగ్ రెండూ మారతాయి. రెండోది తేడా వస్తే నీ రీడ్ లేని ఇంజిన్‌కి ఇన్‌టేక్ టైమింగే మారుతుంది. మూడోది తేడా వస్తే రింగు మూతి కంతలో పడుతుంది, ఆ తర్వాత కథ నీకు తెలుసు.

కోసేవాడు రెండు స్ట్రోకుల బ్లాకులు కోసిన చెయ్యి అయి ఉండాలి. కార్ల ఇంజిన్లు చేసే షాపుల్లో గొప్ప మెషిన్లు ఉంటాయి కానీ ఈ బ్లాకులో టూలు ప్రతి చుట్టులోనూ కంతల మీదుగా ఎగిరి పడుతుంది. నెమ్మదిగా, సన్నగా కోయకపోతే కంతల అంచుల్లో బోరు గంట ఆకారంలో వెడల్పవుతుంది. బ్లాకును హెడ్ వైపు నుంచి కాదు, అడుగు ముఖం ఆధారంగా బిగించమను. క్రాంకుకి నిటారుగా ఉండాల్సింది అడుగు ముఖమే. మిల్లీలో చివరి రెండు మూడు నూరోవంతులు హోనింగ్‌కి వదలాలి, గీతలు అడ్డదిడ్డంగా ఒకదాన్నొకటి దాటాలి. ఆయిల్ నిలిచేది ఆ గీతల్లోనే.

క్లియరెన్స్ గురించి నీతో గొడవ పడాలని ముందే సిద్ధంగా ఉన్నాను. పోత పిస్టన్ అయితే సుమారు 0.04 నుంచి 0.05 మిల్లీ, మన భాషలో రెండు థౌలకు (అంగుళంలో వెయ్యోవంతులకు) కాస్త లోపల. ఫోర్జ్‌డ్ పిస్టన్ ఎక్కువ వ్యాకోచిస్తుంది, దానికి ఎక్కువ వదలాలి. పెట్టెలో వచ్చిన కాగితం ఏం చెబితే అదే వేదం. పిస్టన్‌ను స్కర్టు కిందివైపు, పిన్నుకి అడ్డంగా కొలవాలి. తల దగ్గర కొలిస్తే తప్పు లెక్క వస్తుంది, తల కావాలనే సన్నగా చేస్తారు. బిగుతుగా ఉంటే మంచి పని అనే మూఢనమ్మకం ఇక్కడ ఎంత ఉందో అక్కడా అంతే ఉంటుందని నా అనుమానం. వదులైతే టకటకమంటుంది, ఆలస్యంగా పాడవుతుంది. బిగుతైతే మొదటి ఆదివారమే పట్టేస్తుంది.

బ్లాకు చేతికొచ్చాక కంతల అంచుల మీద వేలు పెట్టి చూడు. కత్తిలా తెగుతుంటే షాపువాడు చాంఫర్ చేయలేదని అర్థం. సన్నటి ఆకురాయితో అంచు విరిచి మెత్తగా చెయ్యి, ముఖ్యంగా పై అంచూ కింది అంచూ. చాలామంది ఈ పని మరిచిపోతారు, వెయ్యి కిలోమీటర్లలో రింగులు తినేస్తుంది. తర్వాత బ్లాకును పెట్రోలుతో కాదు, వేడి నీళ్లు, సబ్బుతో బ్రష్ పెట్టి కడుగు. పెట్రోలుతో హోనింగ్ పొడి పోదు, గీతల్లోనే కూర్చుంటుంది. తెల్ల గుడ్డతో తుడిస్తే మరక రాకూడదు. ఆరిన మరుక్షణం ఆయిల్ పూసెయ్, లేకపోతే కళ్లముందే తుప్పు పడుతుంది.

బిగించిన తర్వాత కిక్ కొట్టాలని చెయ్యి దురద పెడుతుంది. ఆగు. ఏళ్ల తరబడి షెడ్డులో పడి ఉన్న బండికి క్రాంకు ఆయిల్ సీళ్లు ఎండి రాయిలా అయి ఉంటాయి. అక్కడి నుంచి దొంగ గాలి లాగితే మిశ్రమం పలచనై, ఎంత బాగా కోసిన బోరైనా కాలిపోతుంది. ఆ నిలువు గీతలకు మొదటి కారణం కూడా అదే అయి ఉండొచ్చు. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ మూసి, చేతి పంపుతో ఆరు పీఎస్ఐ గాలి పెట్టి ఆరు నిమిషాలు చూడు. ముల్లు కిందికి దిగితే సబ్బు నురగ పూసి ఎక్కడ బుడగలొస్తున్నాయో పట్టుకో. సీళ్లు పిస్టన్ కంటే చౌకే.

పెట్రోలు కూడా పాతది కాదు. మీకు 10 శాతం ఇథనాల్, మాకిప్పుడు 20. ఇథనాల్ కలిసిన పెట్రోలుకి అదే జెట్‌తో మిశ్రమం పలచనవుతుంది. ఇక్కడ పాత ఆర్‌ఎక్స్‌లు తిప్పేవాళ్లకు మెయిన్ జెట్ ఒక నంబరు పెంచి చూడమంటున్నాను. నీ 26 మిల్లీల మికునీకి కూడా ప్లగ్ రంగు చూసుకుంటూ దిద్దుకో. గుడ్డిగా పెంచమనడం లేదు. ఆటోలూబ్ ఆయిల్ పంపు పనిచేస్తోందని నిరూపణ అయ్యేదాకా ట్యాంకులో కూడా కాస్త ఆయిల్ కలుపు. నువ్వు ఎప్పుడో అడిగిన ఆముదం ముచ్చట నిజమే, కాస్ట్రాల్ పేరు ఆముదపు గింజ నుంచే వచ్చింది. పాత పందెం బళ్ల పొగకు ఆ వాసన ఉండేది. మన పాలమూరు, నల్గొండ మెట్ట చేలల్లో పండేదీ అదే గింజ. అయినా నీ బండికి అది వద్దు. రింగులకు జిగురు పట్టిస్తుంది, పందెం అయ్యాక ఇంజిన్ విప్పి కడిగే ఓపిక ఉన్నవాళ్ల నూనె అది.

నా తీర్పు ఇది. 70.25కి గీతలు పోతే 70.25, పోకపోతే 70.50. అక్కడికి 250 సీసీ లోపలే ఉంటావు, పాత బళ్ల పందేల్లోకి దిగినా 250 తరగతిలోనే నిలబడతావు. ఆపైన ఉన్న ఇనుము నీ తర్వాత ఆ బండిని తీసుకునేవాడిది. ఇప్పటికే 71కి వెళ్లిపోయిన బ్లాకైతే స్లీవు మార్చి మళ్లీ 70కే తెప్పించు. బ్లాకును ఓవెన్‌లో కాచి, స్లీవు దించి, పోర్టులు అల్యూమినియం దారులతో కలిసేలా దిద్దగల షాపు చూసుకో. గుంజుడు ఇంకా కావాలంటే ముందు ఒక మంచి సైలెన్సర్, తర్వాత కార్బొరేటర్. అప్పటికీ తృప్తి తీరకపోతే ఆర్‌టీ-1 360 కోసం వెతుకు. 351 సీసీ కంపెనీయే చేసిపెట్టింది, నువ్వు చెక్కక్కర్లేదు.

చెల్లెమ్మకు నా మాటగా చెప్పు, ఈ బండికయ్యే ఖర్చు ఆమె అనుకుంటున్నంత ఉండదు, నువ్వు చెబుతున్నంత తక్కువా ఉండదు. పిల్లలకు ఆశీస్సులు.

బోరులో ఆరుచోట్ల కొలతలు, పిస్టన్ మీద అచ్చు, ఎగ్జాస్ట్ పోర్టు వెడల్పు, బ్లాకు పై ముఖం నుంచి ఆ పోర్టు పై అంచు దాకా దూరం, ఈ నాలుగూ రాసి పంపు. ఏ పిస్టన్ కొనాలో, ఎంత కోయించాలో అప్పుడు రాస్తాను. నా ఉత్తరం అందేదాకా బ్లాకు ఎవరి చేతికీ ఇవ్వకు.

ఇట్లు,
నీ ఆటోనగర్ బావ